గ్రైండర్ చప్పుడులో చూసిన సినిమా

పోయిన నెల ఒక ఆదివారం మా అమ్మాయి కోకాపేట నుంచి వచ్చి, ప్రగతి నగర్‌లో నేనుంటున్న రెండు గదుల పోర్షన్‌లో గోడకు ఒక పెద్ద టీవీ బిగించి పోయింది. నాకెందుకమ్మా ఇంత పెద్దది, గోడ కంటే ఇదే ఎక్కువ కనిపిస్తోంది అంటే వినలేదు. రిమోట్‌లో ఒక బొత్తాం నొక్కి నోటితో సినిమా పేరు చెబితే చాలట, అదే వెతికి వేస్తుందట. అరవై మూడేళ్లు వచ్చాక నా మాట వినేది ఒకటి ఇంట్లోకి వచ్చిందని నవ్వుకున్నాను. మరుసటి రోజు మధ్యాహ్నం మూడు గంటలకు, చెరువు చుట్టూ నడవడానికి ఎండ, పడుకోవడానికి నిద్ర రాని పూట, చేయడానికి ఏ పనీ తోచక ఆ బొత్తాం నొక్కి మా సినిమా పేరు చెప్పాను. నిజంగానే వేసింది.

ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే నా ఈడు వాళ్లందరూ ఎవరి జ్ఞాపకాలు వాళ్లు పట్టుకుని వచ్చేస్తారు, ఆ రద్దీలో నా ముచ్చట వినేవాళ్లుండరు. రంగుల సినిమాయే గానీ రంగులు వెలిసిపోయి ఉంటాయి. ఒక పెంకుటిల్లు, అందులో నలుగురు అన్నదమ్ములు, తోడికోడళ్ల కీచులాటలు, ఆఖరి తమ్ముడి పెళ్లి, ఆ పెళ్లికి ముందు వచ్చిపడే చిన్నాచితకా చిక్కులు; ఎవరూ చావరు, ఎవరూ ఎవరినీ పెద్దగా ఏడిపించరు, చివరికి అందరూ ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తారు. గొప్ప సినిమా ఏమీ కాదు, దానికి అవార్డులు వచ్చాయని కూడా నేనెక్కడా వినలేదు. కానీ ఒళ్లు అలిసిపోయి, మనసు దేని మీదా నిలవనప్పుడు చూడదగ్గ సినిమా ఏదని అడిగితే నేను చెప్పేది దాని పేరే. నేనూ మా ఆవిడా దాన్ని పదకొండేళ్ల పాటు వారానికి మూడు నాలుగుసార్లు చూసి ఉంటాం. ఇంతా చేసి, మొన్నమొన్నటి దాకా ఆ సినిమాలోని మాటలు నేను సరిగా విననే లేదంటే మీరు నమ్మరు.

ఎందుకు వినలేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. మాది సంగారెడ్డి దగ్గర ఒక ఊరు. మాదాపూర్‌లో గుట్టలు పగలగొట్టి ఆఫీసులు కడుతున్న రోజుల్లో, సగం లేచిన ఒక బిల్డింగుకు వాచ్‌మన్‌గా వచ్చాను. మేస్త్రీలకూ కూలీలకూ మా ఆవిడ పొద్దున పూట ఉప్మా చేసి పెట్టేది. బిల్డింగు పూర్తయి మేస్త్రీలు ఇంకో గుట్ట మీదికి పోయి, వాళ్ల జాగాలో మెడకు కార్డులు వేసుకున్న పిల్లలు వచ్చేసరికి ఆ ఉప్మా కాస్తా ఇడ్లీ, దోసె, వడల బండి అయి కూర్చుంది. నేను కర్ర గోడకు ఆనించి ఆమె పక్కన చేరాను. ఆ పిల్లలు మెడలో కార్డు చట్నీలో మునగకుండా దాన్ని భుజం మీదుగా వీపు మీదికి విసిరేసుకుని, నిలబడి తినేవాళ్లు. ఇప్పటికీ ఎక్కడైనా ఎవరైనా తినబోయే ముందు అలా విసురుకోవడం కనబడితే ఒక్క క్షణం ఆగి చూస్తాను. ఆఫీసులకు శని, ఆదివారాలు సెలవున్నా చుట్టుపక్కల హాస్టళ్లలో పిల్లల ఆకలికి సెలవుండదు గనుక మా బండికి ఏడు రోజులూ పనే.

టిఫిన్ల పనిలో రేపటి పొద్దు ఇవాళ మధ్యాహ్నమే మొదలవుతుంది. మూడింటికి గ్రైండర్ తిరగాలి. ముందు మినప్పప్పు, ఆ తరువాత దోసెలకు బియ్యం, రెండు మూడు వాయిలు అయ్యేసరికి అయిదున్నర. రుబ్బిన పిండి రాత్రంతా పొంగి తెల్లవారేసరికి తయారుగా ఉంటుంది, దాని కోసం మనం నాలుగింటికే లేచి తయారుగా ఉండాలి. మేముండేది రేకుల గది, కిరాయిది. హోటళ్లలో వాడే ఆ పెద్ద గ్రైండర్ అందులో తిరుగుతుంటే పైన రేకులు, గూట్లో గిన్నెలు, మేకుకు వేలాడే అద్దం, అన్నీ కలిసి మోగేవి. నేను దాని పక్కన ముక్కాలిపీట వేసుకుని, అంచులకు ఎగబాకే పిండిని చేత్తో లోపలికి తోస్తూ నీళ్లు చిలకరించేవాణ్ణి. మా ఆవిడ ఎదురుగా స్టవ్వు ముందు చట్నీకి పల్లీలు వేయించుకుంటూ, అల్లం గీకుతూ, ఉల్లిగడ్డలు తరుగుతూ ఉండేది. అమ్మాయి బడి నుంచి వచ్చి మూలన మంచం మీద హోంవర్క్ చేసుకునేది. ముగ్గురం ఒకే గదిలో ఉండీ ఒక్క మాట మాట్లాడుకోవాలంటే గొంతు చించుకోవలసిందే.

అందుకని టీవీ పెట్టేవాళ్లం, కానీ దాని సౌండు ఎంత పెంచినా ఒక్క ముక్క చెవికి చేరేది కాదు. కొత్త సినిమా పెడితే ఎవరు ఎవరిని ఎందుకు కొడుతున్నారో తెలియక తల పట్టుకునేవాళ్లం. ఒకరోజు మా ఆవిడ గుట్టల బేగంపేట పోయే దారిలో ఎవరో కుప్పగా పోసి అమ్ముతున్న సీడీల్లోంచి ఈ సినిమా ఏరుకొచ్చింది. మా పెళ్లయిన నెలలో సంగారెడ్డి టాకీసులో ఇద్దరం కలిసి చూసిన సినిమా అది. ఇద్దరం అంటే ఇంటర్వెల్ దాకా ఇద్దరం, ఆ తరువాత నేను కుర్చీలోనే నిద్రపోయాను. కొత్త పెళ్లాన్ని పక్కన కూర్చోబెట్టుకుని గురక పెట్టిన మొగుడు లోకంలో తనకొక్కదానికే దొరికాడని చివరి దాకా దెప్పింది. కథ తెలిసినదే కాబట్టి మాటలు వినబడకపోయినా ఫికర్ లేదనుకున్నాం.

మాటలు లేకపోతే ఏం, నేను చెప్తానని ఆమే మొదలుపెట్టింది. తెర మీద ఎవరు నోరు తెరిస్తే వాళ్ల మాట ఈమె నోట్లోంచి, గ్రైండర్‌ను మించిన గొంతుతో వచ్చేది. అసలు మాటలు ఆమెకు మాత్రం ఏం గుర్తు, అన్నీ సొంత కల్పనలే. ఆ పొద్దున బండి దగ్గర ఎవరు పరేషాన్ చేశారో వాళ్లు ఆ సాయంత్రం సినిమాలోకి దూరేవాళ్లు. గోడలు అదురుతున్నాయని రోజూ వచ్చి గొణిగే ఇంటి ఓనరమ్మ పెద్దకోడలి నోట్లో పలికేది, బండి వెనక్కి జరపమని లాఠీతో చప్పుడు చేసే ట్రాఫిక్ కానిస్టేబుల్ మేనమామ పాత్రలోకి వచ్చేవాడు, ఏవండీ ఇంకాస్త అల్లం పచ్చడి వేయండి అని ఒక్క ప్లేటుకు మూడుసార్లు మర్యాదగా అడిగే ఒక కోస్తా అబ్బాయి పెళ్లి చేయించే పంతులుగా మారి, తాళి కట్టే వేళ కూడా అల్లం పచ్చడే అడిగేవాడు. నేను నవ్వుతుంటే పిండి చేయి ముఖానికి అంటుకునేది, అమ్మాయి పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వేది. పొద్దున నాలుగింటి నుంచి నిలబడిన కాళ్ల నొప్పులు ఆ రెండున్నర గంటల్లో ఎక్కడికి పోయేవో తెలియదు. నా జీవితంలో సుఖపడిన కాలం ఏదని అడిగితే, ఆ రేకుల గదిలో ఆ చప్పుడు మధ్య గడిచిందే అంటాను.

అయితే ఒక్క సీను ఉంది, అందులో మాత్రం ఆమె మాటలు ఏనాడూ మార్చలేదు. ఇంటర్వెల్ అయిన కాసేపటికి వస్తుంది. అన్నదమ్ముల్లో పెద్దవాడు పెరట్లో బావిగట్టు మీద కూర్చుని ఉంటాడు, అతని భార్య మనకు వీపు చూపిస్తూ నిలబడి పూలు కట్టుకుంటూ చాలాసేపు ఏదో చెబుతుంది, అతను తల వంచుకుని వింటాడు గానీ జవాబివ్వడు. సరిగ్గా ఆ వేళకు గ్రైండర్‌లో బియ్యం పడి ఉండేవి, చప్పుడు మరీ ఎక్కువ. మా ఆవిడ స్టవ్వు మంట తగ్గించి, నా వైపు కొంచెం వంగి, ఆ భార్య తరఫున ఇలా అనేది.

"ఇగో, నాకొక్క దినం గావాలె. ఆ దినం నేను పొద్దుగాల లెవ్వ, పొయ్యి ముట్టియ్య. నువ్వూ నేనూ రైలెక్కి ఆఖరు టేషన్ దాక పోదం. యాడ దిగొద్దు, మల్ల అదే రైల్ల ఎనుకకు రావాలె. తొవ్వ పొంటి నువ్వు నాతోని ముచ్చట వెట్టాలె. గంతే, ఇంకేమద్దు."

ఏళ్ల తరబడి వినీ వినీ అది నాకు కంఠతా వచ్చేసింది. మిగతా మాటలన్నీ రోజుకో రకం, ఇదొక్కటే అక్షరం తేడా రాకుండా ఎప్పుడూ ఒకటే; అంచేత ఇది మాత్రం సినిమాలో ఉన్న అసలు మాటే అయి ఉంటుందని, ఆమె మనసుకు పట్టి గుర్తుండిపోయి, మన యాసలోకి దింపి చెబుతోందని నాకు నేనే తేల్చుకున్నాను. టాకీసులో ఆ వేళకు నేను గురక పెడుతున్నానాయె, కాదనడానికి నాకేం ఆధారముంది? పైగా తెలివైనవాణ్ణనుకుని ఆ పెద్దన్నను ఎగతాళి చేసేవాణ్ణి. ఒక్క దినం అడిగితే బావిలో పడ్డట్టు అట్లా తల వంచుకుంటాడేం, వీడేం మొగుడు అనేవాణ్ణి. అలా అన్నప్పుడు ఒకసారి ఆమె నా ముఖంలోకి చూసి, నువ్వైతే ఇస్తవా అని అడిగింది. నేనైతే ఎప్పుడో ఇచ్చేటోన్ని అన్నాను, పిండి తోస్తూనే. ఆమె పల్లీలు మాడుతున్నాయని మూకుడు దించుకుంది.

తరువాతి సంగతులు అందరి ఇళ్లలో జరిగేవే. అమ్మాయి చదువుకుంది, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. రోడ్డు వెడల్పు చేస్తూ మా బండి జాగా తీసేశారు, అప్పటికే మా ఆవిడ కాళ్లు వాచి ఎక్కువసేపు నిలబడలేకపోతోంది, ఇద్దరం ప్రగతి నగర్‌కు వచ్చేశాం. ఇక విశ్రాంతే కదా అనుకున్నాం గానీ ఆ విశ్రాంతి దవాఖాన చుట్టూ తిరగడానికే సరిపోయింది. ఆమె పోయి మూడేళ్లు. మనిషి పోయాక ఏమేమి మిగులుతాయో నాకు ముందే తెలియలేదు. ఫోటోలున్నాయి, చీరలున్నాయి, ఆమె చేతి రాతలో సామాను చీటీలు కూడా రెండు మూడున్నాయి, కానీ ఆమె గొంతు నా దగ్గర ఎక్కడా లేదు. అమ్మాయి పెళ్లి వీడియోలో ఆమె అటూ ఇటూ తిరుగుతూ ఎవరినో పిలుస్తూ కనిపిస్తుంది, అయితే ఆ వీడియో తీసినవాడు మొదటి నుంచి చివరి దాకా పైన సినిమా పాటలు వేసి పెట్టాడు. పెదవులు కదులుతాయి, పాట వస్తుంది. ఈ మధ్య ఆమె ఎలా పలికేదో తలుచుకుంటే మాటలు గుర్తొస్తున్నాయి గానీ గొంతు రావడం లేదు, అది నన్ను చాలా భయపెడుతోంది.

ఆ సోమవారం సినిమా పెట్టుకోవడంలో నా లోపలి ఆశ అదే. గది నిశ్శబ్దంగా ఉంది, టీవీ సౌండు గంట కొట్టినట్టుంది, మొట్టమొదటిసారి ఆ పెంకుటింట్లో వాళ్లు ఒక్కొక్కరే నాకు వినబడేలా మాట్లాడటం మొదలుపెట్టారు, మొదలుపెట్టగానే నాకు వాళ్లెవరో కొత్తవాళ్లలా తోచారు. పెద్దకోడలు మహా సౌమ్యురాలట. మేనమామ నవ్వు పుట్టించే మనిషే కాదు, మూడు సీన్లలో కన్నీళ్లు పెట్టుకున్నాడు. పంతులు మంత్రాలు చదివాడు. నవ్వు రావలసిన ప్రతి చోటా నేను సిద్ధంగా కూర్చోవడం, అక్కడ నవ్వేమీ లేకపోవడం, పక్కకు తిరిగి చూడబోయి ఆగిపోవడం, ఇదే సరిపోయింది. ఆపేద్దామా అనిపించింది గానీ ఆపలేదు, ఎందుకంటే బావిగట్టు సీను రావాలి. అక్కడ మాత్రం మా ఆవిడ చెప్పిన మాటే ఉంటుంది, ఎవరి గొంతుతోనైనా సరే, ఆ మాట ఒక్కసారి బయటి నుంచి నా చెవిన పడితే చాలు, దాని వెంట ఆమె గొంతు కూడా వస్తుందేమో అనుకున్నాను. సోఫాలో ముందుకు జరిగి కూర్చున్నాను, అంత పెద్ద టీవీ ముందు ఆ అవసరం లేకపోయినా.

పెద్దన్న గట్టు మీద కూర్చున్నాడు, భార్య వీపు తిప్పి పూలు పట్టుకుంది. ఆమె మాట్లాడింది. పెళ్లివారు గురువారానికే దిగుతారని, ఇంటికి సున్నాలు వేయించాలని, శుభలేఖల కట్ట పోస్టులో వేయమంటే బీరువా మీదే మరిచిపోయినందుకు అత్తగారు మండిపడుతున్నారని. అతను తల వంచుకున్నది ఆ శుభలేఖలు మరిచిపోయినందుకు. దినం లేదు, రైలు లేదు. వెనక్కి జరిపి మళ్లీ చూశాను, మళ్లీ సున్నాలు, శుభలేఖలే.

నా బుద్ధి ఎంత మొద్దుదో చూడండి, అప్పటికీ నాకు తట్టలేదు. ఇది వేరే కాపీ అయి ఉంటుందని, ఎవరో మాటలు మార్చి ఉంటారని అమ్మాయికి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాను. ఆఫీసులో ఉంది, బయటికి వచ్చి మాట్లాడుతున్నట్టు వెనకాల లిఫ్టు చప్పుడు వినిపించింది. బావిగట్టు దగ్గర రైలు మాట తీసేశారమ్మా, అంత మంచి మాట ఎందుకు తీశారో అన్నాను.

"గా మాట సినిమాల లేదు నాయినా," అంది. "అమ్మ నిన్నే అడిగేది."

మరి ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతులో కోపం ఉందనుకుంటాను, ఎవరి మీదో తెలియని కోపం.

"నీకెరుకనే అనుకున్న. ఎరుకుండే నవ్వుతున్నవనుకున్న."

ఫోన్ పెట్టేశాక ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, తెర మీద వాళ్లు పంక్తిలో భోజనాలు చేసి లేచిపోయారు కూడా. మంచం మీద హోంవర్క్ చేసుకునే పిల్లకు అర్థమైనది ఎదురుగా కూర్చున్న నాకు అర్థం కాలేదు. పైగా మా ఆవిడ ముఖం మీదే, నేనైతే ఎప్పుడో ఇచ్చేటోన్ని అన్నాను. ఆ మాటకు ఆమె ఏమనుకుందో! నిజంగా ఇస్తానని ఒక నాలుగు రోజులు ఎదురుచూసిందా, లేక ఈయనకు చెప్పి లాభం లేదని ఆ సాయంత్రమే తెలుసుకుందా? తెలుసుకుంటే మరి ఆ తరువాత కూడా ఎందుకు అడుగుతూ వచ్చింది? అడిగింది, నాకు బాగా గుర్తుంది, సీడీ గీతలు పడి ఆ సీను దగ్గర బొమ్మ ముక్కలు ముక్కలుగా వచ్చే రోజుల్లో కూడా ఆ ముక్కల మీదే తన మాట పూర్తి చేసేది.

రైలు కూడా ఇప్పుడు గుర్తుకొస్తోంది. లింగంపల్లి నుంచి లోకల్ రైలులో వచ్చి మా దగ్గర తిని ఆఫీసుకు పోయే ఒక అమ్మాయి ఉండేది. ఆ రైలు ఎంతదాకా పోతుంది, మొత్తం కూర్చుంటే ఎంతసేపు పడుతుంది, కిటికీ పక్కన జాగా దొరుకుతుందా అని మా ఆవిడ ఆ పిల్లను అడగడం, దోసె మాడుతోందని నేను కసురుకోవడం నాకిప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. అంత దగ్గర రైలు. కాశీకి తీసుకుపొమ్మని అడిగిందా, తిరుపతి అడిగిందా? పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉండే రైలు అడిగింది, దారిలో మాట్లాడమని అడిగింది.

మా అమ్మాయికి నా గొంతులో ఏం వినిపించిందో, ఆ తరువాతి ఆదివారం కారేసుకుని వచ్చి, పద నాయినా, లింగంపల్లిలో ఎక్కుదం, ఇద్దరం ఆఖరు దాకా పోయొద్దం అంది. వద్దన్నాను. పిల్ల నొచ్చుకుంది. ఆ ఒక్క దినం కావాలని నన్ను అడిగిన మనిషి వేరే ఉంది, ఆమె లేకుండా దాన్ని వాడుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు, ఇంతకంటే వివరంగా దానికి చెప్పలేకపోయాను.

ఇప్పుడు నాకు ఎన్ని దినాలు కావాలంటే అన్ని ఉన్నాయి. పిండి ప్యాకెట్లలో దొరుకుతోంది, ఒక ప్యాకెట్టు తెచ్చుకుంటే ఒక్కడికి మూడు రోజులు వస్తుంది. ఇళ్లలో చెవులకు ఏవో తగిలించుకుని ఎవరి సినిమా వాళ్లు చూసుకుంటున్నారు, ఎవరి చప్పుడూ ఎవరికీ అడ్డం కాదు, తెర మీది మాటలన్నీ స్పష్టంగా వినబడతాయి, పక్కవాళ్లు కల్పించి చెప్పే అవసరం లేదు. మా అమ్మాయికి సెలవు కావాలంటే ఫోనులోనే రెండు వేళ్లతో అడుగుతుంది, నిమిషంలో సరేనని జవాబు వస్తుంది. చూస్తే ముచ్చటేస్తుంది, కొంచెం కడుపులో మండుతుంది కూడా. మా పనిలో సెలవు లేదు, ఇచ్చేవాడూ లేడు అని ఇన్నాళ్లూ నలుగురి దగ్గరా గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను. నిజానికి ఒక్క దినం కావాలంటే పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. ముందు రోజు పొద్దున బండి కట్టేసి వచ్చాక పప్పూ బియ్యం నానబెట్టకుండా ఉంటే చాలు, మధ్యాహ్నం గ్రైండర్ తిరగదు, తెల్లవారి పొయ్యి ముట్టించేది ఉండదు. ఆ పదకొండేళ్లూ నానబెట్టింది నేనే.